బంకమట్టి, రంగునీళ్లు: సాహితికి ఉత్తరం

చిరంజీవి సాహితికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన నాలుగు గ్రాఫులూ, వాటి కింద రాసిన రెండు పేజీలూ మూడుసార్లు చదివాను. బెంటొనైట్ మట్టి మిథిలీన్ బ్లూ రంగును 99 శాతం లాగేసిందన్న గ్రాఫు దగ్గర నీ సంతోషం నాకు కనిపించింది. సెలవుల్లో ఆ మట్టిని పోచంపల్లి వైపు రంగు అద్దే ఇళ్లకు తీసుకెళ్లి, వాళ్ల రంగునీళ్లు శుద్ధి చేసి చూపిస్తానని రాశావు. అది చదవగానే ఫోను చేద్దామనుకున్నాను. కానీ ఇవి ఫోనులో విని వదిలేసే సంగతులు కావు. ప్రయోగశాలలో బల్లమీద పెట్టుకుని మళ్లీ మళ్లీ చూసుకోవాలి. అందుకే రాస్తున్నాను.

ముందుగా అసలు సంగతి. ఆ మట్టిని ఉన్నదున్నట్టుగా తీసుకెళితే అక్కడి నీళ్లలో రంగు దాదాపు అలాగే ఉండిపోతుంది. నీ ప్రయోగంలో తప్పు లేదు, మట్టిలోనూ లోపం లేదు. నువ్వు పరీక్షించిన రంగు వేరు, ఆ ఇళ్లలో వాడే రంగులు వేరు. ఈ ఉత్తరంలో మిగతాదంతా ఈ ఒక్క తేడా చుట్టూనే తిరుగుతుంది.

నల్లరేగడి నేల చూసి పెరిగినదానివి. ఎండాకాలంలో కాలు దిగబడేంత నెర్రెలు విచ్చే ఆ నేల, వానలు పడగానే ఉబ్బి నెర్రెలన్నీ పూడ్చుకుంటుంది, కాలికి అంటుకుంటే వదలదు. ఆ గుణం ఇచ్చే ఖనిజాల కుటుంబానికే చెందింది నీ బెంటొనైట్‌లోని మాంట్‌మొరిల్లోనైట్. పుస్తకం పేజీల్లా పలచని పొరలు, ఒక్కో పొర మందం సుమారు ఒక నానోమీటరు. ఆ పొరలో అల్యూమినియం ఉండవలసిన కొన్ని చోట్ల మెగ్నీషియం కూర్చుంటుంది. మూడు ధనావేశాలు ఉండవలసిన చోట రెండే ఉంటాయి కాబట్టి, ఆ లోటు మేరకు పొర రుణావేశంతో మిగిలిపోతుంది. లోటు తీర్చడానికి సోడియం, కాల్షియం అయాన్లు పొరల మధ్యకు వచ్చి చేరతాయి. అవి అక్కడ స్థిరంగా పాతుకుపోయినవి కావు. ధనావేశం ఉన్న మరొకటి, తమకన్నా బాగా అతుక్కునేది వస్తే చోటు ఖాళీ చేస్తాయి.

మిథిలీన్ బ్లూ సరిగ్గా అలాంటిది. ధనావేశం ఉన్న రంగు, పైగా బల్లపరుపు అణువు, పొరల మధ్య చక్కగా ఇమిడిపోతుంది. మట్టికి ధన అయాన్లను మార్చుకునే శక్తి ఎంత ఉందో కొలవడానికే మిథిలీన్ బ్లూ వాడతారని నీకు తెలుసు కదా. అంటే ఇప్పటివరకు నువ్వు చేసింది మట్టి నాణ్యత పరీక్ష, సాహితీ. నీటిశుద్ధి పరీక్ష ఇంకా మొదలుకాలేదు.

నూలుకు అద్దే రియాక్టివ్ రంగులు, డైరెక్ట్ రంగులు, పట్టుకు అద్దే యాసిడ్ రంగులు అన్నీ దాదాపుగా రుణావేశం ఉన్నవే. నీటిలో కరగడానికి వాటి అణువులకు సల్ఫోనేట్ గుంపులు తగిలించి ఉంటాయి, ఆ గుంపులే రుణావేశాన్ని మోస్తాయి. మట్టి పొర కూడా రుణావేశమే కనుక ఆ రంగును దగ్గరికి రానివ్వదు. పొరల అంచుల్లో కొద్దిపాటి ధనావేశం ఉంటుంది, అదీ ఆమ్ల జలంలోనే. నూలు అద్దకం నీళ్లు చాలావరకు క్షారంగా ఉంటాయి కనుక ఆ ఆశా లేదు.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు. ఉద్యోగంలో చేరిన మూడో ఏడాది ఒక చిన్న అద్దకం యూనిట్ వాళ్లు సలహాకు వచ్చారు. వాళ్ల కాలువ పక్కన పొలం ఉన్న రైతులు గొడవ పెడుతున్నారు. నేను అప్పటికి నీలాగే మిథిలీన్ బ్లూ మీద మంచి ఫలితాలు చూసి ఉన్నాను. మూడు బస్తాల సోడియం బెంటొనైట్ తెప్పించి, కడుగుడు నీళ్ల తొట్టిలో కలిపించాను. రంగు తగ్గలేదు సరికదా, మట్టి నాలుగు రోజులైనా అడుక్కు దిగలేదు. ఎర్రటి నీళ్లు కాస్తా ఎర్రటి బురదనీళ్లయ్యాయి. వాళ్లు ఆ తొట్టిని ఖాళీ చేయలేక, వాడలేక వారం రోజులు పని ఆపుకున్నారు. రోజుకూలీ మీద బతికే ఆరుగురు ఆ వారం ఇంటికి వెళ్లిపోయారు. నా తొందరకు వాళ్లు మూల్యం చెల్లించారు. అప్పటినుంచి ఎవరి నీళ్లనైనా వాళ్ల తొట్టిలో ముట్టుకునే ముందు నా బీకరులో పరీక్షించకుండా ఉండలేదు. నువ్వూ అలాగే ఉండాలి.

కాబట్టి మొదటి పని మట్టితో కాదు, మనుషులతో. ఆ ఇళ్లకు ఒట్టి చేతులతో వెళ్లు. వాళ్లు చిలపలను, అంటే నూలు కట్టలను, తొట్టిలో ముంచడం నుంచి చివరిసారి కడిగి ఆరేసే దాకా ఒక రోజంతా కూర్చుని చూడు. ఏ రంగు డబ్బాలు వాడుతున్నారో, రంగుతో పాటు ఏమి కలుపుతున్నారో, ఎన్నిసార్లు కడుగుతున్నారో, ఏ నీళ్లు ఎటు పోతున్నాయో రాసుకో. ఆ రోజు నీకు మూడు నెలల ప్రయోగాలు మిగుల్చుతుంది.

వ్యాట్ రంగులు వాడుతుంటే సంగతి తేలిక. హైడ్రోస్ (ఆక్సీకరణను వెనక్కి తిప్పే పొడి), కాస్టిక్ సోడా కలిపినప్పుడే ఆ రంగు కరిగి ఉంటుంది. గాలి తగిలి ఆక్సీకరణం జరిగితే మళ్లీ కరగని పొడిగా మారుతుంది. నీళ్లను వెడల్పాటి తొట్టిలో పోసి గాలి తగలనిచ్చి, క్షారం తగ్గించి, కాస్త పటిక వేస్తే చాలావరకు అడుక్కు దిగుతుంది. నాఫ్తాల్ రంగుల్లోనూ నూలు మీద తయారయ్యే రంగు కరగనిదే కనుక, కడుగుడులో ఊడివచ్చే పొడి చాలామటుకు తేరుకుంటుంది. అలాంటి నీళ్లకు మట్టితో అధిశోషణం, అంటే రంగును మట్టి ఉపరితలానికి అంటించి తీయడం, చేయబోవడం గడ్డపారతో గోరు తీయడం లాంటిది.

తలనొప్పి అంతా రియాక్టివ్ రంగులతోనే. ఇవి నీటిలో పూర్తిగా కరిగి ఉంటాయి, తేరుకోవు, పటికకూ సరిగా లొంగవు. నూలుతో కలవవలసిన రంగులో కొంత భాగం నీటితోనే చర్య జరిపి పనికిరాకుండా పోతుంది. పది పాళ్ల రంగు వేస్తే ఒకటి నుంచి మూడు పాళ్లు, కొన్ని రకాల్లో ఇంకా ఎక్కువ, కడుగుడు నీళ్లలో బయటికి వస్తుంది. దానికి తోడు రంగు తొట్టిలో లీటరుకు 50 గ్రాములు, ఒక్కోసారి అంతకు మించి ఉప్పు వేస్తారు. సోడా వేసి పీహెచ్‌ను 10.5 నుంచి 11 దాకా పెంచుతారు. నువ్వు డిస్టిల్డ్ వాటర్‌లో కలుపుకున్న రంగుకూ ఈ నీళ్లకూ పోలికే లేదు.

ఇక్కడ ఒక సులువు ఉంది. రంగు తొట్టిలో మిగిలిన చిక్కటి నీళ్లను, ఆ తర్వాతి కడుగుడు నీళ్లను కలవనివ్వకూడదు. చిక్కటివి కొద్దిగా ఉంటాయి, ఉప్పు ఎక్కువ. వాటిని వేరుగా ఎండబెట్టుకోవచ్చు, లేదా వాటి దారి వాటికి వేరే చూడాలి. కడుగుడు నీళ్లు చాలా ఉంటాయి, పలచగా ఉంటాయి. అధిశోషణం పనికొచ్చేది ఈ పలచటి నీళ్లకే. రెండూ ఒకే కాలువలో కలిపేసి ఆ తర్వాత శుద్ధి గురించి ఆలోచిస్తే, ఏ మట్టీ ఏ బొగ్గూ ఆదుకోలేదు. నువ్వు ఆ ఇళ్లకు చేయగలిగిన మొదటి మేలు బహుశా రెండో తొట్టి ఒకటి కట్టించడమే కావచ్చు. దానికి పరిశోధన పత్రం రాదు. అయినా చెయ్యి.

ఇప్పుడు ఖనిజం సంగతి. రుణావేశం ఉన్న రంగును పట్టాలంటే ధనావేశం ఉన్న ఉపరితలం కావాలి. దానికి నాకు తెలిసిన దారులు రెండు.

మొదటిది, బెంటొనైట్‌నే మార్చడం. హెచ్‌డీటీఎంఏ అని పిలిచే పొడవాటి తోక, ధనావేశపు తల ఉన్న సబ్బులాంటి పదార్థం, అంటే సర్ఫాక్టెంట్‌ను పొరల మధ్యకు ఎక్కిస్తారు. ఎంత ఎక్కించావన్నదాన్నిబట్టి మట్టి స్వభావం పూర్తిగా మారిపోతుంది. ఇది చాలామంది పట్టించుకోరు. మట్టి మార్పిడి శక్తికి సమానంగానో, తక్కువగానో ఎక్కిస్తే పొరల మధ్య నూనె లాంటి వాతావరణం తయారవుతుంది. బెంజీన్, టొలుయీన్ వంటివి, ఫినాల్ కొంతవరకు, అందులోకి వెళ్లి కరుగుతాయి. కానీ రుణావేశపు రంగుకు అది చాలదు. మార్పిడి శక్తికి ఒకటిన్నర, రెండింతలు ఎక్కించినప్పుడే తోకలు తోకలతో జతకట్టి రెండో వరుస ఏర్పడి, బయటివైపు ధనావేశపు తలలు తేలతాయి. అప్పుడు రియాక్టివ్ రంగు వచ్చి పట్టుకుంటుంది.

లెక్క వేసి చూడు. నీ మట్టి మార్పిడి శక్తి 100 గ్రాములకు 90 మిల్లీ ఈక్వివలెంట్లు (ఆవేశాలను లెక్కించే కొలమానం) అనుకుందాం. హెచ్‌డీటీఎంఏ బ్రోమైడ్ అణుభారం 364.45. సమానంగా ఎక్కించడానికే 100 గ్రాముల మట్టికి 32.8 గ్రాముల సర్ఫాక్టెంట్ కావాలి, రెండింతలకు 65 గ్రాములకు పైగా. మట్టి చవకే, ఆ సర్ఫాక్టెంట్ చవక కాదు. ఇంకో భయం కూడా ఉంది. రెండో వరుసలో ఉన్నది గట్టిగా పట్టుకుని ఉండదు, కొద్దికొద్దిగా నీటిలోకి జారుతుంది. అది చేపలకు విషం, మురుగును శుభ్రం చేసే బ్యాక్టీరియాకూ విషం. తయారుచేశాక కడిగిన నీటిలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే పాలిపోయిన పసుపు మడ్డి రావడం ఆగేదాకా కడగాలి. అది బ్రోమైడ్ పోయిందనడానికే గుర్తు. సర్ఫాక్టెంట్ జారడం ఆగిందని దాని అర్థం కాదు. శుద్ధి చేసిన నీటిలో సర్ఫాక్టెంట్ ఎంత ఉందో విడిగా కొలవకుండా ఆ నీటిని ఎవరి పొలానికీ వదలవద్దు. తాగే నీటి దరిదాపులకు ఈ మట్టిని రానివ్వవద్దు. ఈ మాట నేను ఆజ్ఞగానే చెబుతున్నాను.

రెండో దారి హైడ్రోటాల్సైట్ కుటుంబం. మెగ్నీషియం, అల్యూమినియం హైడ్రాక్సైడ్ పొరలు ఇవి. ఇక్కడ రెండు ఆవేశాల మెగ్నీషియం చోట మూడు ఆవేశాల అల్యూమినియం కూర్చుంటుంది కాబట్టి పొరకు ధనావేశం మిగులుతుంది. నీ బెంటొనైట్‌కు సరిగ్గా తిరగవేసిన అమరిక. దీన్ని 450 నుంచి 500 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాల్చితే పొరలు చెదిరి ఆక్సైడ్ల మిశ్రమమవుతుంది. ఆ పొడిని రంగునీళ్లలో వేస్తే మళ్లీ పొరలు కట్టుకుంటూ, కట్టుకునేటప్పుడు రుణావేశపు అణువులను లోపలికి లాగుకుంటుంది. నేను చూసిన ఖనిజాల్లో ఇంత ముచ్చటైనది మరొకటి లేదు. చెదిరిన ఇల్లు తిరిగి కట్టుకుంటూ వచ్చినవాళ్లను లోపలికి పిలిచినట్టు ఉంటుంది.

కానీ దానికి రంగుకన్నా ఇష్టమైనది ఒకటుంది, కార్బొనేట్. అద్దకం నీళ్ల నిండా ఉన్నది సోడానే కదా! అందుకే డిస్టిల్డ్ వాటర్‌లో అద్భుతంగా పనిచేసిన హైడ్రోటాల్సైట్ నిజమైన కడుగుడు నీళ్లలో నీరసపడుతుంది. ముందు పలచటి ఆమ్లంతో నీటి పీహెచ్ 5 దాకా దించి, గాలి బుడగలు పంపి కార్బన్ డయాక్సైడ్‌ను వెళ్లగొట్టి, ఆ తర్వాత పొడి వేయి. పీహెచ్ 4 కిందికి పోనివ్వకు, పొరలే కరగడం మొదలుపెడతాయి. పొడి వేశాక పీహెచ్ దానంతట అదే పెరుగుతుంది, అది చూసి కంగారుపడకు. బయటికి వదిలే ముందు మాత్రం సరిచూసుకో.

ఈ రెండింటిలో నన్ను ఎంచుకోమంటే రెండోదే ఎంచుకుంటాను. సర్ఫాక్టెంట్ జారిపోతుందన్న భయం లేదు కనుక. అయితే ఏది ఎంచుకున్నా, అదే రోజు, అదే నీళ్లలో, అంతే తూకం యాక్టివేటెడ్ కార్బన్‌తో కూడా చేసి పక్కన పెట్టు. మార్కెట్లో దొరికే బొగ్గుతో పోల్చని ఖనిజ అధిశోషకం ఫలితాన్ని నేను నమ్మను. బొగ్గే మెరుగని తేలితే అదే రాయి.

సన్నని రంధ్రాలుండే ఖనిజం జియొలైట్ గురించి కూడా అడిగావు. వాటిలో సహజంగా దొరికే క్లైనాప్టిలోలైట్ రంధ్రాలు అర నానోమీటరుకు అటూఇటూ ఉంటాయి. అమ్మోనియం అయాన్ దూరుతుంది, రంగు అణువు దూరదు. పై ఉపరితలం మీద అంటుకున్నదే లెక్క. చేపల చెరువు నీళ్లకు మంచి ఖనిజం అది, నీ పనికి కాదు. పింగాణీకి వాడే తెల్లమట్టి కేయోలిన్ మార్పిడి శక్తి 100 గ్రాములకు 3 నుంచి 15 మిల్లీ ఈక్వివలెంట్లు మాత్రమే, దాన్నీ వదిలెయ్.

ఇక బల్ల దగ్గర నీ అలవాట్ల సంగతి.

నీ రాతలో ఎక్కడా ఖాళీ పరీక్ష కనిపించలేదు. మట్టి వేయకుండా అంతే రంగునీళ్లు, అదే సీసాలో, అంతే సేపు కుదిపి, అదే విధంగా వడపోసి చదవాలి. మిథిలీన్ బ్లూ గాజుకు అంటుకుంటుంది, వడపోత కాగితానికి ఇంకా బాగా అంటుకుంటుంది. కాగితం మీద నీలిమచ్చ చూసి అది మట్టి అనుకునేవాళ్లను చాలామందిని చూశాను. వడపోత మానేసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పు. పైన తేరిన నీటిలో మట్టి రేణువులు మిగిలితే కాంతిని చెదరగొట్టి, నీరు ఎంత కాంతిని పీల్చుకుందో చెప్పే అబ్సార్బెన్స్‌ను పెంచుతాయి, కనుక రంగు పీల్చుకోని కాంతి దగ్గర, అంటే 750 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, ఒకసారి చదివి అది సున్నాకు దగ్గరగా ఉందో లేదో చూసుకో.

మిథిలీన్ బ్లూను 664 నానోమీటర్ల దగ్గర చదివేటప్పుడు లీటరుకు 5 మిల్లీగ్రాములు దాటకుండా పలచన చేసుకో. చిక్కగా ఉంటే అణువులు జంటలు కట్టి, శిఖరం 610 ప్రాంతానికి జరుగుతుంది, నీ సరళరేఖ వంగిపోతుంది. సీసా మీద ఉన్న చీటీ కూడా చదువు. నీరు పట్టి ఉన్న మిథిలీన్ బ్లూకూ, లేనిదానికీ తూకం తేడా ఉంటుంది. కాంగో రెడ్‌తో ప్రయోగం చేస్తానన్నావు. అది క్యాన్సర్ కారకమైన బెంజిడిన్ నుంచి తయారైన రంగు. చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకు, పొడి తూచేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకో. పైగా ఆమ్లంలో అది నీలంగా మారుతుంది, ఆ రంగు మార్పును చూసి అధిశోషణం జరిగిందనుకునే ప్రమాదం ఉంది.

ఇప్పుడు ఆ 99 శాతం. లీటరుకు 100 మిల్లీగ్రాముల రంగు ఉన్న 100 మిల్లీలీటర్ల నీటిలో అర గ్రాము మట్టి వేశావు. లీటరుకు అర మిల్లీగ్రాము మిగిలింది. శాతంలో 99.5. కానీ గ్రాము మట్టి పట్టింది 19.9 మిల్లీగ్రాములే. అందులో పదోవంతు, అంటే 0.05 గ్రాము మట్టి వేసి, లీటరుకు 5 మిల్లీగ్రాములు మిగిలితే శాతం 95కి పడిపోతుంది, గ్రాముకు పట్టింది మాత్రం 190 మిల్లీగ్రాములు. ఏ ప్రయోగం మట్టి గురించి ఎక్కువ చెప్పింది? శాతం అన్నది నువ్వు మట్టి ఎంత కుమ్మరించావో చెబుతుంది, మట్టి ఏపాటిదో చెప్పదు. మీ మార్గదర్శి శాతమే అడిగితే శాతమూ ఇవ్వు, పక్కన గ్రాముకు ఎంతో కూడా రాయి.

ఇంకో సరిచూపు నేర్పుతాను. గ్రాముకు 0.9 మిల్లీమోల్ (ఇందాకటి 100 గ్రాములకు 90 లెక్కే) మార్పిడి శక్తి ఉన్న మట్టికి మిథిలీన్ బ్లూ అణుభారం 319.85తో గుణిస్తే గ్రాముకు సుమారు 288 మిల్లీగ్రాములు వస్తుంది. నీకు దానికి కాస్త అటూఇటూ వస్తే సరే. మూడింతలు వస్తే పత్రం రాయడం మొదలుపెట్టకు, ముందు నీ త్రాసునూ, పలచన లెక్కనూ అనుమానించు.

గ్రాఫుల గురించి కొంచెం కఠినంగా చెప్పాలి. అధిశోషణ వేగాన్ని లెక్కించే సూడో సెకండ్ ఆర్డర్ సమీకరణం సరళరేఖలో, గీత ఎంత సరిపోయిందో చెప్పే ఆర్ స్క్వేర్ 0.999 వచ్చిందని, కాబట్టి రసాయన బంధం ఏర్పడిందని రాశావు. నీ మొదటి కొలత 30 నిమిషాల దగ్గర ఉంది. బెంటొనైట్ మీద మిథిలీన్ బ్లూ మొదటి కొద్ది నిమిషాల్లోనే చాలావరకు అంటుకుపోతుంది. అంటే నీ కొలతలన్నీ పని అయిపోయిన తర్వాతివి. కాలాన్ని ఒక స్థిరసంఖ్యతో భాగించి కాలానికి ఎదురుగా గీస్తే సరళరేఖ రాక ఏమవుతుంది? 1, 2, 5, 10 నిమిషాల దగ్గర కొలువు. సమీకరణాన్ని సరళరేఖగా మార్చకుండా వక్రరేఖగానే కంప్యూటర్‌లో సరిపోల్చు. ఏ సమీకరణం సరిపోయినా దాన్నిబట్టి బంధం ఎలాంటిదో తేల్చవద్దు. బంధం గురించి తెలుసుకోవాలంటే బయటికి వచ్చిన సోడియం, కాల్షియం ఎంతో కొలువు. ఎక్కిన రంగుకు సరితూగేంత అయాన్లు దిగితే అది మార్పిడే, దానికి ఏ గ్రాఫూ సాక్ష్యం చెప్పనక్కరలేదు.

రంగు పోవడమూ కలుషితం పోవడమూ ఒకటి కాదు. కడుగుడు నీళ్లలో సబ్బు, గంజి, తేమనిచ్చే రసాయనాలు ఉంటాయి, వాటికి రంగుండదు. అందుకే సీఓడీ, అంటే నీటిలోని మలినాలను ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే అంకె, కూడా కొలవాలి. కాలువల్లోకి, చెరువుల్లోకి వదిలే నీటికి మన దేశంలో సాధారణ పరిమితి లీటరుకు 250 మిల్లీగ్రాములు, పీహెచ్ 5.5 నుంచి 9 మధ్య. ఒక చిక్కు ఉంది. ఉప్పులోని క్లోరైడ్ కూడా ఆ పరీక్షలో వాడే డైక్రోమేట్‌ను తినేసి సీఓడీని ఎక్కువ చేసి చూపిస్తుంది. క్లోరైడ్‌ను కట్టడి చేయడానికి మెర్క్యూరిక్ సల్ఫేట్ వేసినా క్లోరైడ్ లీటరుకు 2000 మిల్లీగ్రాములు దాటితే ఆ కొలతను నమ్మలేం. ముందు క్లోరైడ్ కొలిచి, దానికి తగ్గట్టు పలచన చేసుకో. పాదరసం ఉన్న ఆ వ్యర్థాన్ని సింకులో పోయకు.

మట్టిని గొట్టంలో నింపి పైనుంచి నీళ్లు వదులుతానన్న ఆలోచన మానుకో. బెంటొనైట్ ఉబ్బుతుంది, గంటలో నీరు దిగడం ఆగిపోతుంది. బావుల చుట్టూ, చెరువు కట్టల్లో నీరు కారకుండా అడ్డుకోవడానికి వాడేది ఆ మట్టినే. తొట్టిలో కలిపి, కుదిపి, తేర్చడమే దానికి తగిన పద్ధతి. తేరడానికి కొంచెం పటిక గానీ కాల్షియం లవణం గానీ వేయాలి. ఎంత వేయాలో బీకరులో తేల్చుకో.

అన్నిటికన్నా నాకు ముఖ్యమైన సంగతి ఇప్పుడు రాస్తున్నాను. నీ పేజీల్లో రంగు పట్టిన మట్టి తర్వాత ఏమవుతుందో ఒక్క వాక్యం కూడా లేదు. అధిశోషణం దేన్నీ నాశనం చేయదు. నీటిలో ఉన్నదాన్ని మట్టి మీదికి మారుస్తుంది, అంతే. ఆ మట్టిని ఇంటి వెనక పోస్తే, రెండు వానలకు రంగు తిరిగి బావిలోకి చేరవచ్చు. ఉప్పునీటితోనో ఆల్కహాల్‌తోనో కడిగితే మట్టి శుభ్రపడుతుంది కానీ అంతకన్నా చిక్కటి రంగునీళ్లు నీ చేతికొస్తాయి. కాల్చితే రంగు కాలిపోతుంది, పొగ గురించి ఆలోచించాలి, కాల్చిన ప్రతిసారీ మట్టి శక్తి కూడా తగ్గుతుంది. సర్ఫాక్టెంట్ ఎక్కించిన మట్టినైతే కాల్చగానే సర్ఫాక్టెంటే పోతుంది. హైడ్రోటాల్సైట్‌ను తిరిగి కాల్చి వాడుకోవచ్చు, అదీ కొన్నిసార్లే. ఒక ఇంటినుంచి నెలకు ఎన్ని కిలోల వాడిన మట్టి వస్తుందో, దాన్ని ఎక్కడ దాచాలో, దుండిగల్‌లో ఉన్నటువంటి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి ఎవరు మోయాలో, ఆ ఖర్చు ఎవరు భరించాలో లెక్కవేసి మొదటి పేజీలోనే పెట్టు. ఆ లెక్క కుదరకపోతే మిగతా పేజీలు అవసరం లేదు.

సాదా బెంటొనైట్‌తోనే పనిచేయాలని నీకు పట్టుదల ఉంటే, దానికి సరిపడే కలుషితాన్ని వెతుక్కో, తప్పేమీ కాదు. అక్రిలిక్ నూలుకు వాడే బేసిక్ రంగులు ధనావేశం ఉన్నవి. మందుల పరిశ్రమ నీళ్లు ఇంకో చోటు. పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి శుద్ధి అయి బయటికి వస్తున్న నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. రోగికిచ్చే మందు వాగులోకి పోయే నీళ్లలో ఆ మోతాదులో ఉంటే, ఆ మందుకు లొంగని బ్యాక్టీరియా అక్కడే పుట్టి పెరుగుతుంది. మన ఊళ్ల పక్కనే ఇది జరిగిందని తలచుకుంటే ఇప్పటికీ నాకు మనసు స్థిమితంగా ఉండదు. ఆ అణువు పీహెచ్ 6 కన్నా కింద ధనావేశంతో ఉంటుంది. మాంట్‌మొరిల్లోనైట్ దాన్ని పొరల మధ్యకు చక్కగా లాగుకుంటుంది, మార్పిడి శక్తికి దగ్గర దగ్గరగా. పీహెచ్ 9 దాటితే ఆ అణువే రుణావేశమవుతుంది, మట్టి పట్టు సడలిపోతుంది. కాల్షియం ఎక్కువగా ఉన్న బోరునీళ్లలో పోటీ ఎలా ఉంటుందో చూడు. అది నిజంగా చేయదగ్గ పని.

ఏది తేల్చుకున్నా, పండక్కి వచ్చేటప్పుడు ఆ ఇళ్లనుంచి నీళ్లు తీసుకురా. ఒక ఇంటినుంచి రంగు తొట్టి నీళ్లు ఒక లీటరు, మొదటి కడుగుడు, మూడో కడుగుడు రెండేసి లీటర్లు చాలు. సీసాను ముందు అవే నీళ్లతో రెండుసార్లు కడిగి, మూత దాకా నింపు, గాలి ఉండనివ్వకు. రంగు డబ్బా మీది పేరు, తేదీ, ఎన్నో కడుగుడో, అక్కడే కొలిచిన పీహెచ్ చీటీ మీద పెన్సిలుతో రాసి అంటించు, పెన్ను సిరా తడిస్తే చెదిరిపోతుంది. ఎండ తగలకుండా, వీలైతే మంచుపెట్టెలో పెట్టుకుని రా. పెద్దమ్మ నీకోసం సున్నుండలు చేసి ఉంచుతానంటోంది. నా పాత సెంట్రిఫ్యూజ్‌కు కొత్త రబ్బరు గిన్నెలు వేయించి సిద్ధంగా ఉంచుతాను.

మీ పెదనాన్న